పిడుదు లోకం, తేనెటీగ లోకం: జీవి–పరిసర సంబంధంపై ఫినామినాలజీ పఠనాల పరిశీలన

వ్యాస సంగ్రహం:
జీవికీ దాని పరిసరానికీ ఉన్న సంబంధాన్ని ఇరవయ్యో శతాబ్ది ఫినామినాలజీ (దృగ్విషయ తత్త్వశాస్త్రం) ఎలా అర్థం చేసుకొన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాకోబ్ ఫాన్ యూక్స్‌క్యుల్ ప్రతిపాదించిన ‘ఉమ్‌వెల్ట్’ భావనను మార్టిన్ హైడెగర్, మోరిస్ మెర్లో-పాంటీ చదివిన తీరులోని భేదం ఇందులో ప్రధానాంశం. ఇద్దరూ అవయవం తెగిన కీటకాన్నే ఉదాహరణగా తీసుకొని భిన్నమైన నిర్ణయాలకు వచ్చారు. వీరిలో మెర్లో-పాంటీ పఠనమే జీవి అనుభవానికి దగ్గరగా ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. ‘పర్యావరణం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటున్న తెలుగు పర్యావరణ విమర్శకు ఈ చర్చ ఎందుకు అవసరమో సూచిస్తుంది.

కీలక పదాలు: ఫినామినాలజీ, ఉమ్‌వెల్ట్, పరిలోకం, పరిసరం, యూక్స్‌క్యుల్, హైడెగర్, మెర్లో-పాంటీ, పర్యావరణ విమర్శ.

1. ఒక మాట చాలదు

తెలుగులో పర్యావరణ సాహిత్య విమర్శ ఇప్పుడు కొత్త శాఖ కాదు. విశ్వవిద్యాలయాలలో ఈ అంశంపై సిద్ధాంత వ్యాసాలు వెలువడ్డాయి, సదస్సులు జరుగుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఒకే నిర్వచనంతో మొదలవుతాయి. జీవి చుట్టూ ఉన్న గాలి, నీరు, నేల, వెలుతురు, ఇతర జీవజాలం కలిసి పర్యావరణం అంటారు. ‘పరి’, ‘ఆవరణం’ అనే రెండు మాటల కలయిక కనుక, అన్ని వైపులా ఆవరించి ఉన్నదే పర్యావరణమని వ్యుత్పత్తి కూడా చెబుతారు. నిర్వచనంలో దోషమేమీ లేదు. అయితే ఆ నిర్వచనంలో జీవి ఎక్కడ ఉన్నదని అడిగితే, మధ్యలో ఒక బిందువుగా ఉన్నదని తప్ప మరో సమాధానం దొరకదు. బిందువు స్థానంలో కప్పను పెట్టినా, కాకిని పెట్టినా, కవిని పెట్టినా చుట్టూ ఉన్న ఆవరణం మారదు.

అది మారుతుందన్నదే యూక్స్‌క్యుల్ వాదం. ఎస్టోనియాలో 1864లో జన్మించి, జర్మన్ భాషలో రచనలు చేసిన ఈ జీవశాస్త్రవేత్త 1909 నాటి గ్రంథంలో ఉమ్‌వెల్ట్ అన్న మాటకు ప్రత్యేకార్థం కల్పించాడు. అంతకుముందు ఆ మాటకు జర్మన్‌లో ‘చుట్టూ ఉన్న ప్రపంచం’ అనే సామాన్యార్థమే ఉండేది. జీవి చుట్టూ మనకు కనిపించేదంతా దాని ఉమ్‌గేబుంగ్, అంటే పరిసరం. అందులోనుంచి ఆ జీవి ఇంద్రియాలకు అందేవీ, దాని చేష్టలకు లోబడేవీ కలిసి ఏర్పడేది దాని ఉమ్‌వెల్ట్. మొదటిది చూసే మనిషికి సంబంధించినది. రెండవది బ్రతికే జీవికి సంబంధించినది. ఈ రెంటినీ తెలుగులో పర్యావరణమనే అనువదిస్తే యూక్స్‌క్యుల్ చెప్పదలచిన భేదం అనువాదంలోనే అదృశ్యమవుతుంది.

ఈ వ్యాసంలో ఉమ్‌గేబుంగ్‌కు ‘పరిసరం’ అనీ, ఉమ్‌వెల్ట్‌కు ‘పరిలోకం’ అనీ వాడుతున్నాను. రెండవది నిఘంటువులకు ఎక్కిన మాట కాదు. దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. లోక శబ్దానికి మూలమైన సంస్కృత ధాతువు చూచుట అనే అర్థం కలది. లోకమంటే చూడబడేది. చూసేవారు లేని లోకమన్న ఊహ ఆ వ్యుత్పత్తిలోనే పొసగదు. ‘జీవలోకం’ అనవచ్చు గాని, ఆ మాటకు ప్రాణులన్నీ ఉండే ప్రపంచమనే అర్థం ఇప్పటికే స్థిరపడింది. ‘ఇంద్రియలోకం’ అంటే చేష్ట జారిపోతుంది. అందుచేత, మరింత మంచి మాట దొరికేవరకు, పరిలోకం.

2. పిడుదు

యూక్స్‌క్యుల్ తన సహాయకుడు గేయోర్గ్ క్రిస్సాట్‌తో కలిసి 1934లో ప్రచురించిన చిన్న పుస్తకం జంతువుల, మనుషుల పరిలోకాల గుండా విహారయాత్రవంటిది. అందులోని మొదటి ఉదాహరణ పిడుదు. పశువులున్న ఇంటివారికి ఈ జీవిని పరిచయం చేయనక్కరలేదు. కొన్ని ప్రాంతాలలో గోమారి అంటారు. ఆడ పిడుదు గుడ్లు పెట్టడానికి ముందు ఒకసారి వేడి నెత్తురు తాగాలి. అందుకోసం అది పొదల కొమ్మల చివరికి ఎక్కి కాచుకొని ఉంటుంది. దానికి కళ్ళు లేవు. చర్మానికి ఉన్న వెలుతురు స్పర్శతోనే కొమ్మపైకి దారి తెలుసుకొంటుంది. కిందినుంచి ఏదైనా క్షీరదం వెళ్ళినప్పుడు, దాని చర్మగ్రంథులనుంచి వెలువడే బ్యూటిరిక్ ఆమ్లం వాసన తగలగానే పట్టు వదిలి కిందికి రాలుతుంది. రాలినచోట వెచ్చదనం తగిలితే వేట దొరికినట్లు. ఆపైన స్పర్శతో వెంట్రుకలు లేని తావు వెతుక్కొని తల దూరుస్తుంది. రుచి దానికి పట్టదు. తగిన వేడి ఉంటే చాలు, పొర వెనుక నెత్తురు కాక వేరే ద్రవం పెట్టినా తాగుతుందని యూక్స్‌క్యుల్ వివరిస్తాడు.

ఒక అడవి బాటలో ఉన్న వందలాది వాసనలు, చప్పుళ్ళు, రంగులు, నీడలు ఇవన్నీ పిడుదు పరిసరంలో ఉన్నాయి. దాని పరిలోకంలో ఉన్నవి మూడే: ఒక వాసన, ఒక వెచ్చదనం, ఒక స్పర్శ. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక చేష్టను పుట్టిస్తుంది, ఆ చేష్ట ముగిసి మరో గుర్తుకు దారి ఇస్తుంది. గ్రహణం చేష్టగా, చేష్ట గ్రహణంగా తిరిగి వచ్చే ఈ వలయాన్ని యూక్స్‌క్యుల్ క్రియావలయమన్నాడు. ప్రేరణ ఒకవైపు, ప్రతిస్పందన మరోవైపు అని గీత గీసే యాంత్రిక శరీరశాస్త్రంతో ఆయనకు వచ్చిన విరోధం ఇక్కడే. గీతకు రెండు చివరలుంటాయి గాని వలయానికి ఉండవు. జీవి ఎక్కడ ముగిసి పరిసరం ఎక్కడ మొదలవుతుందో వలయంలో కోసి చూపలేము.

ఈ ఉదాహరణను తరచుగా పిడుదు పేదరికానికి నిదర్శనంగా చెబుతారు. యూక్స్‌క్యుల్ ఆ పేదరికాన్ని ఒప్పుకొంటాడు, కాని వెంటనే మరో మాట చేరుస్తాడు. ఆ పేదరికమే పిడుదు చర్యలకు నిశ్చితత్వం ఇస్తుందనీ, బ్రతుకుకు సంపద కన్న నిశ్చితత్వం ముఖ్యమనీ ఆయన అభిప్రాయం. ‘తక్కువ’ అన్న కొలత ఇక్కడ పిడుదుది కాదు, మనది.

అదే పుస్తకంలో మరో విషయం ఉంది. రోస్టాక్‌లోని జంతుశాస్త్ర సంస్థలో పిడుదులను 18 ఏళ్ళపాటు ఆహారం లేకుండా సజీవంగా ఉంచారని యూక్స్‌క్యుల్ ప్రస్తావిస్తాడు. ఆ కాలమంతా పిడుదు ఒకరకమైన నిద్రలో ఉంటుందనీ, జీవించే విషయి లేకుండా కాలమే లేదనీ ఆయన వివరణ. ఇటలీ తాత్త్వికుడు జార్జో అగాంబెన్ 2002 నాటి తన గ్రంథంలో సరిగ్గా ఈ వాక్యం దగ్గర ఆగాడు. పరిలోకంతో సంబంధమే జీవి స్వరూపమైతే, ఆ సంబంధం పూర్తిగా తెగిపోయిన 18 ఏళ్ళలో బ్రతికి ఉన్నది ఏది? యూక్స్‌క్యుల్ దీనికి సమాధానం చెప్పలేదు. చెప్పలేడు కూడా, ఎందుకంటే ఆయన పరిలోకాన్ని సబ్బుబుడగతో పోల్చాడు. ప్రతి జీవీ తన బుడగలో ఉంటుంది. బుడగ లేని జీవి ఆయన చట్రంలో లేదు. బుడగలు ఒకదానినొకటి తాకుతాయి గాని వాటికి ఉమ్మడి లోకం ఉందా అన్న ప్రశ్నకూ ఆ చట్రంలో చోటు తక్కువే. ఆయన కాంట్ అనుయాయి. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని వ్యతిరేకించాడు. రాజ్యాన్ని జీవదేహంగా భావించి 1920లో ఒక పుస్తకం రాసి, దాన్ని 1933లో సవరించి మళ్ళీ ప్రచురించాడు. జీవులకు ఎవరి లోకం వారిదే అన్న భావన మనుషుల మధ్యకు దిగినప్పుడు ఎటు మళ్ళగలదో ఆ సంవత్సరమే సూచిస్తుంది. యూక్స్‌క్యుల్‌ను తెలుగులోకి తెచ్చుకొనేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

3. హైడెగర్ తరగతి గదిలో తేనెటీగ

ఫినామినాలజీలో ఉమ్‌వెల్ట్ అన్న మాట హుస్సెర్ల్ దగ్గరే ఉంది. 1913 నాటి గ్రంథంలో ఆయన దాన్ని మనిషి సహజ వైఖరిలో ఎదుర్కొనే చుట్టుపక్కల ప్రపంచమన్న అర్థంలో వాడాడు. చైతన్యం ఎప్పుడూ దేనినో గురించిన చైతన్యమే అన్న విషయోన్ముఖతా సూత్రానికీ, జీవి ఎప్పుడూ దేనివైపో తెరచుకొని ఉంటుందన్న యూక్స్‌క్యుల్ సూత్రానికీ బంధుత్వం స్పష్టమే. కాని వీరిద్దరి దారులు నిజంగా కలిసినదీ, విడిపోయినదీ హైడెగర్ దగ్గర.

హైడెగర్ 1927లో తన ప్రధాన గ్రంథంలోనే జీవశాస్త్రవేత్తలు వాడే ‘పరిలోకం కలిగి ఉండటం’ అన్న మాటను తాకాడు. ఆ ‘కలిగి ఉండటం’ అంటే ఏమిటో తేల్చనిదే ఆ మాటకు తాత్త్వికమైన బలం లేదన్నాడు. 1929–30 చలికాలంలో ఫ్రైబుర్గ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో దాన్నే తేల్చడానికి పూనుకొన్నాడు. ఆ ఉపన్యాసాలు ఆయన మరణానంతరం 1983లో అచ్చయ్యాయి. అందులోని మూడు ప్రతిపాదనలు ప్రసిద్ధమైనవి: రాయి నిర్లోకం, జంతువు లోకదరిద్రం, మనిషి లోకనిర్మాత.

రెండవ ప్రతిపాదనను హైడెగర్ తేలికగా చేయలేదన్నది ముందుగా ఒప్పుకోవాలి. దారిద్ర్యమంటే కింది మెట్టు కాదని ఆయన పదేపదే హెచ్చరిస్తాడు. జంతువు జీవితంలో మనిషి లోకానికి పోలికే లేనంత తెరపు ఉండవచ్చునంటాడు. తన ప్రతిపాదనను సవరించవలసి రావచ్చునని కూడా సందేహిస్తాడు. యూక్స్‌క్యుల్ పరిశోధనలను ప్రశంసించి, తత్త్వశాస్త్రం వాటినుంచి నేర్చుకోవాలంటాడు. బండమీద ఎండ కాచుకొంటున్న తొండ ప్రస్తావనలో ‘బండ’ అన్న మాటను మనం కొట్టివేయాలని ఆయన చెప్పిన తీరు నిజంగా సూక్ష్మమైనది. తొండ వేటిమీద పడుకొన్నదో దానితో తొండకు ఏదో సంబంధం ఉంది గాని, అది ‘బండ’గా దానికి అందదు.

అయితే ఈ సూక్ష్మత తేనెటీగ దగ్గరకు వచ్చేసరికి నిలవలేదు. ఆయన ఉదాహరించిన ప్రయోగం ఇది. తేనెటీగను తేనె నిండిన గిన్నె ముందు ఉంచుతారు. అది కొంత తాగి, మిగిలినది వదలి ఎగిరిపోతుంది. గిన్నెలో తేనె ఎక్కువగా ఉందని దానికి తెలిసిందా? తెలుసుకోవడానికి మరో తేనెటీగ తాగుతూ ఉండగా దాని ఉదరాన్ని జాగ్రత్తగా కోసివేస్తారు. అది తాగుతూనే ఉంటుంది, తేనె వెనుకనుంచి కారిపోతూ ఉంటుంది. కనుక తేనె ఎక్కువగా ఉన్నదనీ, తన ఉదరం లేదనీ తేనెటీగ గుర్తించలేదని హైడెగర్ నిర్ణయం. అది ఆహారంచేత పట్టుబడి ఉంది. ఈ పట్టుబాటుకు ఆయన పెట్టిన పేరు ‘బెనోమెన్‌హైట్’. తెలుగులో దాన్ని ‘ఆవిష్టత’ అనవచ్చు. జంతువు తనకు ఎదురైనదాన్ని ‘అది ఫలానా’ అని గ్రహించదు. ఎదురైనదానిచేత ఆవేశింపబడి ప్రవర్తిస్తుంది.

ఈ ప్రయోగం మీద రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది ప్రయోగ నిర్మాణానికి సంబంధించినది. తేనెటీగ తాగిన తేనెను దాచుకొనే సంచి దాని ఉదరంలోనే ఉంటుంది. చాలునన్న భావం ఎక్కడినుంచి రావాలో ఆ భాగాన్నే కోసివేసి, చాలునని దానికి తెలియలేదనడం న్యాయమా? తృప్తి కలిగినప్పుడు తాగడం ఆగుతుందనీ, కోత ఆ తృప్తిని అడ్డగిస్తుందనీ హైడెగర్‌కు తెలుసు, ఆయనే చెబుతాడు. కాని తృప్తిని కూడా ఒక ప్రేరణను నిలిపివేసే మరో యంత్రాంగంగానే లెక్కిస్తాడు. కోయని తేనెటీగ తాగి, ఆగి, ఎగిరి పోవడం అనే పూర్తి వలయాన్ని వదలి, తెగిన వలయంనుంచి జంతు స్వరూపాన్ని నిర్వచించాడు. ప్రేరణ–ప్రతిస్పందనల గీతను యూక్స్‌క్యుల్ ఎంత శ్రమపడి వలయం చేశాడో, ఈ ఉదాహరణలో అది తిరిగి గీతైపోయింది.

రెండవ అభ్యంతరం మరింత మౌలికమైనది. తేనె ‘తేనెగా’, బండ ‘బండగా’ అందడం లోకం ఉండటానికి కొలబద్ద అని ఎవరు నిర్ణయించారు? ఆ ‘గా’ ప్రత్యయం మనిషి భాషది. దాన్ని కొలబద్ద చేసిన తరువాత జంతువు దరిద్రంగా తేలడం ఆశ్చర్యం కాదు. తక్కువ కాదని ఎన్నిసార్లు హెచ్చరించినా, లేమి రూపంలోనే జంతువును చెప్పవలసి వస్తుంది. జాక్ డెరిడా 1987లో హైడెగర్‌ను చర్చిస్తూ ఈ లేమి భాషలోని మానవకేంద్రకతను పట్టుకొన్నాడు. నా అభ్యంతరం డెరిడా అభ్యంతరానికి పక్కనే ఉంది గాని, అదే కాదు. హైడెగర్ కొలబద్ద మనిషిది కావడం ఒక్కటే దోషం కాదు. జీవిని దాని వలయంనుంచి తెంచి చూసిన ప్రయోగాన్ని ఆధారం చేసుకోవడం ఫినామినాలజీ పద్ధతికే విరుద్ధం. వస్తువుల దగ్గరకే వెళ్ళాలన్నది ఆ పద్ధతి ప్రతిజ్ఞ. ఇక్కడ మనం వెళ్ళింది తేనెటీగ దగ్గరకు కాదు, ప్రయోగశాల బల్ల దగ్గరకు.

హైడెగర్ ఈ ఉపన్యాసాలు ఇస్తున్ననాటికే కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగలకు రంగులు తెలుసునని రుజువు చేసి దశాబ్దం దాటింది. తరువాత ఆయన తేనెటీగల నృత్యంలో దూరం, దిశ తెలిపే సంకేతాలున్నాయని నిరూపించి, 1973లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి తేనెటీగకు కనిపిస్తుంది, మనకు కనిపించే ఎరుపు దానికి కనిపించదు. ఒకే పువ్వు ముందు ఇద్దరమూ నిలిస్తే ఎవరు దరిద్రులో చెప్పడం కష్టం.

4. కట్టిన కాలు, తెగిన కాలు

మెర్లో-పాంటీ 1945 నాటి గ్రంథంలో మరో అంగహీన కీటకం ఉంది. ఒక కీటకం కాలు కోసివేస్తే అది వెంటనే మరో కాలిని ఆ పనికి మళ్ళించి నడక సాగిస్తుంది. ముందుగా సిద్ధం చేసి పెట్టిన ప్రత్యామ్నాయ యంత్రం కీటకంలో ఉన్నదని, కాలు పోగానే అది దానంతటదే పని మొదలుపెడుతుందని వివరించవచ్చు. కాని అదే కాలిని కోయకుండా కట్టివేస్తే ఈ మళ్ళింపు జరగదు. యాంత్రిక వివరణ ప్రకారం రెండు సందర్భాలూ ఒకటే కావాలి. రెంటిలోనూ ఆ కాలు పనిచేయడం లేదు. భేదం ఎక్కడ ఉంది? కట్టిన కాలు కీటకానికి ఇంకా తన కాలే. దాని లోకంవైపు సాగే చేష్టలో ఆ కాలికి ఇంకా లెక్క ఉంది. తెగిన కాలికి లేదు.

కీటకం తన కాలు తెగిందని ‘తెలుసుకొన్నది’ అని మెర్లో-పాంటీ అనడు. ఆలోచించి నిర్ణయించిందనీ అనడు. ఎరుకకూ యంత్రానికీ మధ్య మూడవది ఒకటి ఉందంటాడు. దేహం తన పనులద్వారా ఒక లోకంవైపు ఒరిగి ఉండటం అది. మనుషులలో కోసివేసిన చేయి ఇంకా ఉన్నట్లు అనిపించే స్థితిని వివరించడానికే ఆయన కీటకాన్ని తెచ్చాడు. రోగి తన చేయి పోయిందని ఎరుగును. అయినా ఆ చేయి పట్టుకోగల వస్తువులున్న లోకం అతడి దేహానికి ఇంకా తెరచుకొనే ఉంది. ఇక్కడ కీటకమూ రోగీ ఒకే వాక్యంలోకి వస్తారు. హైడెగర్ తేనెటీగకూ మనిషికీ మధ్య తవ్విన అగాధం మీద మెర్లో-పాంటీ వంతెన కట్టలేదు, అగాధం ఎక్కడ ఉన్నదని అడిగాడంతే.

రెండు ప్రయోగాలూ క్రూరమైనవే. అయినా ఒకదానిలో కోత తరువాత జీవి ఏమి కోల్పోయిందో లెక్కిస్తారు, మరోదానిలో కోత తరువాత జీవి ఏమి చేస్తుందో చూస్తారు. ఈ చూపు మెర్లో-పాంటీకి కర్ట్ గోల్డ్‌స్టెయిన్‌నుంచి సంక్రమించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెదడుకు గాయాలైన సైనికులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చికిత్స చేసిన ఈ వైద్యుడు 1934లో ప్రచురించిన గ్రంథంలో ఒక విచిత్రమైన పరిశీలన చేశాడు. అతడి రోగులలో కొందరు తమ వస్తువులను అతి క్రమబద్ధంగా సర్ది ఉంచుకొనేవారు. ఆ క్రమం చెదిరితే తల్లడిల్లేవారు. గోల్డ్‌స్టెయిన్ దాన్ని కేవలం రోగలక్షణంగా తీసుకోలేదు. గాయపడిన దేహం తనకు సాధ్యమైన పనులతో సరిపడే మేరకు తన పరిసరాన్ని కుదించుకొంటున్నదని గ్రహించాడు. ఆరోగ్యం, అనారోగ్యం దేహంలోపల మాత్రమే ఉండవు. దేహానికీ దాని లోకానికీ మధ్య ఉంటాయి. జార్జ్ కాంగిలెమ్ 1946–47లో చేసిన ప్రసంగం ఈ సూత్రాన్నే చారిత్రకంగా విస్తరించింది. యంత్రశాస్త్రంలో పుట్టిన ‘మాధ్యమం’ అన్న భావన జీవశాస్త్రంలోకి వచ్చి జీవిని తన దాసిగా ఎలా చేసుకొన్నదో, యూక్స్‌క్యుల్, గోల్డ్‌స్టెయిన్‌లు ఆ సంబంధాన్ని ఎలా తిరగవేశారో అందులో వివరించాడు.

మెర్లో-పాంటీకి కూడా మినహాయింపు ఇవ్వనక్కరలేదు. 1942 నాటి తొలి గ్రంథంలో ఆయన భౌతిక, జీవ, మానవ క్రమాలని మూడు అంతస్తులు కట్టాడు. అంతస్తులన్నాక పై అంతస్తు ఒకటి ఉంటుంది. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో 1956–60 మధ్య ప్రకృతిని గురించి ఇచ్చిన ఉపన్యాసాలలో (ఇవి 1995లో గాని అచ్చు కాలేదు) ఆయన ఈ నిచ్చెనను చాలావరకు వదులుకొన్నాడు. అక్కడ యూక్స్‌క్యుల్ మళ్ళీ వస్తాడు, బుడగతో కాదు, రాగంతో. జీవి తన పరిలోకాన్ని ముందే గీసిన పటంవలె అనుసరించదు. పాట తన తొలి స్వరంనుంచే తుది స్వరాన్ని కోరుకొన్నట్లు, చేష్ట తన లోకాన్ని విప్పుకొంటూ పోతుంది. ఒక జంతువు మరో జంతువుకు కనిపించడం, ఒకదాని చేష్ట మరోదానికి గుర్తు కావడం ఆయనకు ప్రధానమయ్యాయి. బుడగ పగిలినది ఇక్కడే. పరిలోకాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. 1961లో ఆయన హఠాత్తుగా మరణించకపోతే ఈ ఆలోచన ఏ రూపం తీసుకొనేదో ఊహించవలసిందే.

హైడెగర్ శిష్యుడైన హాన్స్ యోనాస్ 1966లో మరో దారి చూపాడు. ఆహారాన్ని దేహంగా మార్చుకొనే క్రియలోనే స్వేచ్ఛ మొదలవుతుందనీ, ఆ స్వేచ్ఛ అవసరంతో ముడిపడినదనీ ఆయన వాదం. ఆ చర్చకు ఇక్కడ చోటు లేదు.

5. ఇసుకలో ఏ మార్పూ లేదు

ఈ భేదం పదజాల వివాదం మాత్రమేనా? మన తీరంనుంచి ఒక ఉదాహరణ తీసుకొందాం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలోనూ, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లోనూ, కృష్ణా ముఖద్వారం వద్దా ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. సుమారు 45నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి, ఎక్కువగా రాత్రివేళ. వాటికి దారి చూపే తల్లి అక్కడ ఉండదు. ఒడ్డున చెట్లు, దిబ్బల నీడ చీకటిగా ఉంటుంది. సముద్రంవైపు ఆకాశపుటంచు కొంచెం వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుతురువైపు పాకడమే వాటి లోకంలో సముద్రం. తీరం వెంట దీపాలు వెలిగితే పిల్లలు రోడ్డువైపు పాకుతాయి.

ఇప్పుడు మన నిర్వచనాన్ని ఈ ఒడ్డుకు తెచ్చి చూద్దాం. గాలి కలుషితం కాలేదు, నీరు కలుషితం కాలేదు, ఇసుకలో ఏ విషమూ కలవలేదు. కొలిచే పరికరాలలో అనేకం ఏ తేడానూ చూపవు. అయినా తాబేలు పిల్లకు సముద్రం తన చోటునుంచి తప్పుకొన్నది. ధ్వంసమైనది పరిసరం కాదు, పరిలోకం. మనకు భద్రతనిచ్చే వీధిదీపం దాని లోకంలో అబద్ధపు సముద్రం. పర్యావరణమన్న ఒక్క మాటతో ఈ నష్టాన్ని చెప్పబోతే ‘కాంతి కాలుష్యం’ అని దాన్ని మళ్ళీ పరిసరంలోని ఒక పదార్థంగా మార్చవలసి వస్తుంది. అనుమతులు, అభ్యంతరాలు, నివేదికలు అన్నీ ఆ భాషలోనే సాగుతాయి కనుక ఇది నిఘంటు సమస్యగా మిగలదు.

హైడెగర్ చట్రంలో ఈ తాబేలు పిల్ల ఏమవుతుంది? వెలుతురుచేత ఆవేశింపబడి ప్రవర్తించే జీవి అవుతుంది. సముద్రం ఉన్నప్పుడూ అంతే, దీపం ఉన్నప్పుడూ అంతే. ‘సముద్రంగా’ దానికి ఏదీ అందలేదు కనుక దారి తప్పడమన్న మాటకు అర్థమే ఉండదు. కాని దారి తప్పింది. తప్పడానికి వీలున్నదంటే దారి ఉన్నదన్నమాట. ఈ చిన్న విషయాన్ని చెప్పలేని తత్త్వం జీవిని గురించి మరెంత చెప్పినా లోటు లోటుగానే ఉంటుంది.

6. తెలుగు పాఠాల దగ్గర

మన కథాసాహిత్యంలో జంతువులకు కొరత లేదు. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, లేడి మాట్లాడతాయి. అవి మనుషులకు తొడిగిన ముసుగులని అందరికీ తెలుసు, ఆ సంప్రదాయానికి అదే న్యాయం. చిక్కు వచ్చేది జంతువును జంతువుగా చూపే ఆధునిక రచన దగ్గర. అక్కడ విమర్శకు రెండు దారులే అలవాటయ్యాయి. ఒకటి ప్రతీక, రెండవది మనిషికీ ప్రకృతికీ పోరాటం.

డాక్టర్ కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ను ఎక్కువమంది ఈ రెండవ దారిలోనే చదివారు. హెమింగ్వే ముసలివాడితో పోలిక ఆ దారిని మరింత తొక్కించింది. పందులు కాసే ముసలివాడు తప్పిపోయిన చూడి పందిని వెతుక్కొంటూ అడవిలోకి వెళ్ళడం దాని కథ. శీర్షికలోని క్రియ ఏకవచనంలో ఒక అడవిని సూచిస్తుంది. పరిలోక దృష్టితో చూస్తే అక్కడ ఉన్నది ఒక అడవి కాదు. ముసలివాడికి అది జాడలు, వాసనలు, ఏళ్ళ తరబడి పోగైన జ్ఞాపకం. చూడి పందికి అది ఈనడానికి మరుగైన తావు. వేటాడే జీవికి అప్పుడే పుట్టిన పిల్లల వాసన వచ్చే దిక్కు. పందులను ఎరిగినవారెవరికైనా తెలుసు, ఈనిన పంది లోకంలో నిన్నటి యజమాని నేటి యజమాని కాడు. అతడు మారలేదు, దాని లోకంలో అతడి అర్థం మారింది. ఈ మార్పును విశ్వాసమనీ ద్రోహమనీ మనిషి మాటలలో చదవకుండా, పరిలోకాల ఒరపిడిగా చదివితే నవలలోని విషాదం మరోచోట కనిపిస్తుందని నా అభిప్రాయం. ముసలివాడు పంది లోకాన్ని అందరికంటే బాగా ఎరిగినవాడు. ఆ ఎరుక అతడిని ఆ లోకంలోకి చేర్చలేదు. జయం అన్న మాటను విమర్శకులు పరీక్షించవలసింది ఈ దూరం దగ్గర.

మొక్కల విషయానికి వస్తే ఈ పఠనం ఇంత సాఫీగా సాగదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’లో పువ్వు మనిషి దుఃఖంతో, మనిషి భాషలో మాట్లాడుతుంది. దాన్ని మానవీకరణ అలంకారమని వదిలేస్తే అక్కడితో సరి. పువ్వుకు పరిలోకం ఉన్నదా అని అడిగితే యూక్స్‌క్యుల్ లేదనే చెబుతాడు. గ్రహించే అవయవమూ, చేసే అవయవమూ కలిపే క్రియావలయం మొక్కలో లేదు కనుక, దానికి ఉన్నది నివాసకవచం మాత్రమేనని 1940 నాటి పుస్తకంలో తేల్చాడు. అయితే అదే పుస్తకంలో పువ్వునూ తేనెటీగనూ ఒకదానికొకటి వాదిసంవాదులైన స్వరాలుగా చూపాడు. సంవాది స్వరానికి లోకం లేదనడం ఎంతవరకు పొసగుతుందో, పాదు పక్కన నాటిన కర్రకోసం గాలిలో తడుముకొనే తీగను రోజూ చూసేవారికి అనుమానమే. పరిలోకమన్న మాటను మొక్కలదాకా సాగదీయాలా, వాటికి వేరే మాట వెతకాలా అన్నది ఈ వ్యాసంలో తేల్చలేదు.